జర్మనీలో ఏడాది స్వచ్ఛంద సేవ: చేతిలో ఎంత ఉండాలి, అప్పు ఎంతవరకు చేయొచ్చు?

చెల్లి అడిగిన ప్రశ్న ఇది: "అక్కా, మాది తూర్పు గోదావరి జిల్లా. నేను బీఎస్సీ ఫైనల్ ఇయర్. జర్మన్ భాషలో ఏ2, అంటే రెండో మెట్టు పరీక్ష, పాసయ్యాను. లోయర్ సాక్సనీలో ఒక చిన్న ఊళ్లోని వృద్ధాశ్రమం వాళ్లు వీడియోలో ఇంటర్వ్యూ చేసి బీఎఫ్‌డీకి, అంటే అక్కడి ప్రభుత్వ స్వచ్ఛంద సేవకి, తీసుకుంటామన్నారు. సెప్టెంబర్ 1 నుంచి 12 నెలలు. నెలకు 400 యూరోలు, గది వాళ్లే ఇస్తారు, డ్యూటీ రోజుల్లో మధ్యాహ్న భోజనం. ఇంతలో ఒక కన్సల్టెన్సీ అతను రెండున్నర లక్షలు కడితే అన్నీ తానే చూసుకుంటానని, అక్కడ సాయంత్రాలు పార్ట్‌టైమ్ చేసి ఆరు నెలల్లో తీర్చేయొచ్చని అంటున్నాడు. నాన్న ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. మొత్తం ఎంత ఖర్చవుతుంది? అప్పు తీరుతుందా?"

ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత లెక్క చూపిస్తాను. నీకు దాదాపు 2 లక్షల 30 వేలు కావాలి. అందులో 50 వేలు తిరుగు టికెట్ కోసం ముట్టుకోకుండా పక్కన పెట్టే డబ్బు. కన్సల్టెన్సీ అతనికి ఇచ్చే రెండున్నర లక్షలు ఇందులో లేవు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. ఇంటర్వ్యూ నువ్వే ఇచ్చావు, చోటు నీకే దొరికింది. ఇక అతను చేసేది ఫారాలు నింపడం ఒక్కటే. అప్పు సంగతికొస్తే, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఈ ఏడాదిలో తీరదు. నీ లెక్క దీని మీదే నిలబడుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నేనూ ఇదే దారిలో వచ్చాను. 2018లో బీఎఫ్‌డీకి వచ్చి ఏడాది ఒక వృద్ధాశ్రమంలో పనిచేశాను. తర్వాత నర్సింగ్ ఆస్‌బిల్డుంగ్, అంటే స్టైపెండ్‌తో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, పూర్తి చేసి ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. నా తర్వాత వచ్చిన పిల్లల్లో చాలామంది లెక్కలు వాళ్లతో కూర్చుని చూశాను. కష్టపడ్డవాళ్లందరి దగ్గరా తప్పు ఒక్కటే. "మొత్తం ఎంత" అని అడిగారు గానీ, "ఏ తారీఖుకి నా చేతిలో ఎంత ఉండాలి" అని ఎవరూ అడగలేదు.

మొదట ఆ 400 యూరోలు ఏమిటో తెలుసుకో. అది జీతం కాదు. బీఎఫ్‌డీ అనేది జర్మనీ ప్రభుత్వం 2011 జులైలో మొదలుపెట్టిన స్వచ్ఛంద సేవ. అంతకుముందు కుర్రాళ్లకు తప్పనిసరి సైనిక సేవ ఉండేది. అది వద్దనుకున్నవాళ్లు ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లు. ఆ నిర్బంధ సేవను ఆపేశాక ఖాళీ అయిన చోట్ల కోసం దీన్ని తెచ్చారు. ఎఫ్‌ఎస్‌జే అని ఇలాంటిదే ఇంకో స్వచ్ఛంద సేవ ఉంది, అది అంతకంటే పాతది, 1964 నుంచి ఉంది, 27 ఏళ్లలోపు వాళ్లకి. రెండింటిలోనూ ఇచ్చేది పాకెట్ మనీనే. కనీస వేతన చట్టం దీనికి వర్తించదు. ఎంత ఇవ్వాలో కింది హద్దు లేదు, పై హద్దు మాత్రం ఉంది. 2024లో దాన్ని పెంచారు. 2025లో ఆ పై హద్దు నెలకు 644 యూరోలు. ఇంటర్నెట్‌లో "జర్మనీలో నెలకు 644 యూరోలు" అని కనిపించేది ఇదే. అందరికీ అంత ఇవ్వరు. చాలా చోట్ల 300 నుంచి 450 మధ్య ఇస్తారు. గది కూడా కలుపుకుంటే నీకు చెప్పిన 400 మంచి మాటే.

ఆ పాకెట్ మనీకి ఆదాయపు పన్ను లేదు. హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్, నిరుద్యోగ బీమా, ప్రమాద బీమా వాటాలన్నీ వృద్ధాశ్రమమే కడుతుంది, నీ 400లో నుంచి కోయరు. ఏడాదికి 25 రోజులు సెమినార్లు ఉంటాయి, వాటికి ఉండడం, తినడం ఉచితం. ఎవరైనా "సెమినార్ ఫీజు" అని అడిగితే అక్కడే అనుమానించు.

ఇప్పుడు వడ్డీ లెక్క. యూరో విలువ రోజూ మారుతుంది, లెక్క సులువుగా ఉండాలని నేను 100 రూపాయలుగా వేస్తున్నాను. నువ్వు డబ్బు కట్టే రోజు రేటు వేసుకో.

నీ నెల ఖర్చు ఇలా ఉంటుంది. డ్యూటీ రోజుల్లో మధ్యాహ్నం అక్కడే తింటావు కాబట్టి మిగతా తిండికి 150. దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు ఎక్కగలిగే డాయిచ్‌లాండ్‌టికెట్ 63. అది 2023లో 49తో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. ఫోన్‌కి 10. రేడియో, టీవీ రుసుము ఇంటికి నెలకు 18 యూరోల 36 సెంట్లు, టీవీ లేకపోయినా కట్టాలి, ముగ్గురు కలిసి ఉంటే నీ వంతు 6. సబ్బులు, షాంపూలు, బట్టల సోడా 15. బయటికి వెళ్లడం, కాఫీ, పుట్టినరోజు కానుకలు 40. మందులు, జుట్టు కత్తిరింపు లాంటి చిల్లర 20. మొత్తం 304. నీకు మిగిలేది 96.

అతనికి రెండున్నర లక్షలు, నీ అసలు ఖర్చు 2 లక్షల 30 వేలు, కలిపి 4 లక్షల 80 వేలు. రెండు రూపాయల వడ్డీకి నెలకు 9,600. అంటే 96 యూరోలు. నీకు మిగిలే ప్రతి పైసా వడ్డీకే పోతుంది. ఏడాది అయ్యాక అసలు 4 లక్షల 80 వేలు అలాగే ఉంటుంది. ఆ ఏడాదిలో నీకు ఒక్కసారి పన్ను నొప్పి వచ్చినా, ఒక్క జత బూట్లు పాడైనా ఇంటికి ఫోన్ చేయాలి.

నాకు ఇంకా బాధ కలిగించేది వేరే ఉంది. ఈ ఏడాదిలో నువ్వు సంపాదించేది డబ్బు కాదు, భాష. ఏ2తో వచ్చి రోజూ తాతలతో, అమ్మమ్మలతో మాట్లాడుతూ పై మెట్లు బీ1, బీ2 దాకా వెళ్లడమే అసలు లాభం. ఆ తర్వాత నర్సింగ్ ఆస్‌బిల్డుంగ్‌లో చేరితే మొదటి ఏడాదే చాలా చోట్ల నెలకు 1,300 యూరోలకు పైగా స్టైపెండ్ వస్తుంది. అప్పు తీర్చే దారి అది. దానికి సాధారణంగా బీ2 అడుగుతారు. ఊళ్లో ఉండే ఫోక్స్‌హోహ్‌షూలే, అంటే జనం కోసం నడిపే సాయంత్రం బడి, అక్కడి భాషా క్లాసు ఫీజు, పుస్తకాలు, పరీక్ష ఫీజు, ఇవన్నీ ఆ 96లో నుంచే రావాలి. వడ్డీ ఆ 96నీ తినేస్తే క్లాసు మానేస్తావు. అలా మానేసి, ఏడాది చివర బీ1 కూడా లేకుండా, అప్పుతో వెనక్కి వెళ్లిన పిల్లల్ని నేను చూశాను. ఆ కన్సల్టెన్సీ అతను చెప్పే లెక్కలో ఇది ఉండదు.

పార్ట్‌టైమ్ మాట పూర్తిగా పక్కన పెట్టెయ్. నీకు ఇచ్చే వీసా, రెసిడెన్స్ పర్మిట్ ఈ సేవ కోసమే. ఏ పని చేయొచ్చో ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. అందులో లేని పని డబ్బులకి చేస్తే పర్మిట్‌కే ముప్పు. పైగా వారానికి 39 గంటల దాకా పని, అదీ షిఫ్టుల్లో. ముసలివాళ్లను లేపి, కూర్చోబెట్టి, తినిపించి సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. బడ్జెట్‌లో పార్ట్‌టైమ్ ఆదాయం దగ్గర సున్నా రాసుకో.

అగ్రిమెంట్ సంగతి. దాన్ని ఇక్కడ ఫెరైన్‌బారుంగ్ అంటారు. బీఎఫ్‌డీ అయితే అది నీకూ, జర్మనీ ప్రభుత్వం తరఫున కొలోన్‌లో ఉండే ఫెడరల్ ఆఫీసుకీ మధ్య ఒప్పందం. దాని పొట్టి పేరు బీఏఎఫ్‌జెడ్‌ఏ. ఆశ్రమం మెయిల్‌లో రాసిన మాటలు ఒప్పందం కావు. ఆ ఆఫీసు ఆమోదంతో కాగితం వచ్చేదాకా ఒక్క రూపాయి అప్పు తేవద్దని మీ నాన్నగారికి చెప్పు. కాగితం వచ్చాక డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో లైను చదువు. నాలుగు మాటలు వెతుకు. టాషెన్‌గెల్ట్ అంటే పాకెట్ మనీ. ఉంటర్‌కున్‌ఫ్ట్ అంటే వసతి. ఫెర్‌ఫ్లేగుంగ్ అంటే భోజనం. ఆర్బైట్స్‌క్లైడుంగ్ అంటే పని బట్టలు. ఒక్కోదాని దగ్గర వస్తువుగా ఇస్తారా, బదులు డబ్బు ఇస్తారా, అసలు ఇవ్వరా అని ఉంటుంది. "వసతి ఇస్తాం" అని నోటితో చెప్పి, కాగితంలో గడి ఖాళీగా వదిలేసిన కేసు నా దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి వచ్చాక తన 350 పాకెట్ మనీలో నుంచి నెలకు 280 యూరోల గది అద్దె తనే కట్టుకోవాల్సి వచ్చింది. మిగిలిన 70తో నెల ఎలా గడుస్తుంది చెప్పు?

వసతి ఇవ్వని చోటైతే ఊరే నీ బడ్జెట్‌ను నిర్ణయిస్తుంది. చిన్న ఊళ్లో షేర్డ్ ఫ్లాట్‌లో గది 300, 400కి దొరకొచ్చు. మ్యూనిక్‌లో 700 దాటడం మామూలు. పైగా డిపాజిట్ కింద మూడు నెలల అద్దె దాకా అడిగే హక్కు ఇంటివాళ్లకి ఉంది. వసతి ఇవ్వని పెద్ద నగరం కంటే వసతి ఇచ్చే పల్లెటూరు ఎన్నో రెట్లు మేలని అందరికీ చెప్తాను. ఇంకో మాట, ఇండియాలో ఉండగా చూడని గదికి "అడ్వాన్స్ పంపితే తాళాలు కొరియర్ చేస్తాం" అనేవాళ్లకు డబ్బు పంపకు. అది మోసం.

ఇక బయలుదేరే ముందు ఖర్చు. పాస్‌పోర్టు లేకపోతే 1,500. పోలీస్ క్లియరెన్స్ 500. వృద్ధుల దగ్గర, పిల్లల దగ్గర పనిచేసేవాళ్లను ఇది అడుగుతారు. సర్టిఫికెట్ల అనువాదం, జిరాక్సులు, ఫోటోలు అన్నీ కలిపి 5,000 వేసుకో. వీసా ఫీజు 75 యూరోలు, రూపాయల్లో కడతావు, అప్లికేషన్ సెంటర్ రుసుముతో కలిపి 10,000 అనుకో. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి ఇవ్వరు, అందుకని కాగితాలు రెండుసార్లు సరిచూసుకుని వెళ్లు. అపాయింట్‌మెంట్‌కి రానుపోను 3,000. దారి ఇన్సూరెన్స్ 2,500. టికెట్ 45,000. సూట్‌కేసు, బట్టలు, చెప్పులు, కుక్కర్ 12,000. మొత్తం 79,500.

టికెట్ గురించి రెండు మాటలు. వీసా చేతికి రాకముందు కొనకు. ఆగస్టు చివర కాలేజీ పిల్లలంతా బయల్దేరే సీజన్, రేట్లు ఎక్కువగా ఉంటాయి. అయినా వీసా లేకుండా కొని తేదీ మార్చుకుంటే పడే నష్టం ఇంకా పెద్దది. రానుపోను టికెట్ చవకగా కనిపించినా వద్దు. టికెట్ గడువు మామూలుగా ఏడాదే, పన్నెండు నెలల సేవ తర్వాతి తేదీకి సీటు ఇప్పుడే బుక్ కాదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 నుంచి నేరుగా విమానం ఉంది. కానీ నీ ఊరు ఉత్తరాన ఉంది కాబట్టి హానోవర్‌కో, హాంబుర్గ్‌కో ఒక చోట మారి వెళ్లే టికెట్ రేటు కూడా చూడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి పెట్టెలతో ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్ అప్పటికప్పుడు కొంటే, విమానంలో మిగుల్చుకున్నది రైలుకి పోతుంది.

ఇన్సూరెన్స్‌లో అందరూ మర్చిపోయే విషయం ఉంది. ఆశ్రమం కట్టే హెల్త్ ఇన్సూరెన్స్ సేవ మొదలయ్యే రోజు నుంచే, అంటే సెప్టెంబర్ 1 నుంచి. నువ్వు ఆగస్టు 25న దిగితే మధ్యలో వారం రోజులు నీకు ఏ బీమా లేదు. ఇండియాలోనే మూడు వారాల ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకో, కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి. ఇక్కడి బీమా వచ్చాక డాక్టర్‌కి డబ్బు కట్టక్కర్లేదు. రాసిన మందులకు ఒక్కోదానికి 5 నుంచి 10 యూరోలు, ఆసుపత్రిలో చేరితే రోజుకు 10 నీ వంతు. పళ్లు మాత్రం ఇండియాలోనే చూపించుకుని రా. కళ్లజోడు ఉంటే ఇంకో జత చేయించుకో. ఇదే సేవకు కిండర్‌గార్టెన్‌కో, ఆసుపత్రికో వచ్చే పిల్లలు చదువుతుంటే వాళ్లకి ఒక మాట: 2020 మార్చి నుంచి అక్కడ తట్టు టీకా రుజువు చట్టప్రకారం తప్పనిసరి. రెండు డోసులూ ఇంటి దగ్గరే వేయించుకుని కార్డు మీద రాయించుకుని రండి.

ఇప్పుడు మొదటి అరవై రోజులు. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే.

నేను దిగినప్పుడు నా దగ్గర 350 యూరోలు ఉన్నాయి. నెల మొదట్లో చేరుతున్నాను, నెలాఖరుకి పాకెట్ మనీ వస్తుంది, సరిపోతుంది అనుకున్నాను. ఇక్కడ డబ్బు చేతికివ్వరు, ఖాతాలోనే వేస్తారు. ఖాతా తెరవాలంటే చాలా బ్యాంకులు చిరునామా నమోదు కాగితం అడుగుతాయి. ఇల్లు చేరిన రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసులో నమోదు చేసుకోవాలి, దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. నాకు ఆ ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరికింది మూడో వారంలో. బ్యాంకు వాళ్లు ఖాతా తెరిచి కార్డు పంపేసరికి నెల దాటింది. ఆ నెల జీతాల పట్టిక అప్పటికే మూసేశారు. మొదటి రెండు నెలల పాకెట్ మనీ కలిపి అక్టోబర్ చివర్లో వచ్చింది. ఆ మధ్యలో నేను బియ్యం, పప్పు, క్యాబేజీతో గడిపాను. నాన్నకి చెప్పలేదు. ఆశ్రమంలో మాతో పనిచేసే ఒక పెద్దావిడ గమనించి రోజూ రాత్రి మిగిలిన సూప్ డబ్బాలో పెట్టి ఇచ్చేది. ఆవిడ మంచితనాన్ని ఇప్పటికీ తలుచుకుంటాను. కానీ ఆ టెన్షన్ నీకు రాకూడదని ఇంత రాస్తున్నాను.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. వ్యవస్థ నడిచే తీరు అంతే. దానికి తగ్గట్టు డబ్బు సర్దుకోవాలి. నీ లెక్క ఇది. విమానాశ్రయం నుంచి ఊరికి 50. దుప్పటి, దిండు, గిన్నెలు 80. ఒక నెల తిండికి 170, మొదట్లో ఏది ఎక్కడ చవకో తెలియదు కాబట్టి ఎక్కువే వేశాను. సిమ్ 15. రైలు టికెట్ 63. వీసా మూడు, ఆరు నెలలకే ఇస్తే ఇక్కడ రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి, అది 100. పన్నెండు నెలలకీ ఇస్తే ఈ ఖర్చు తప్పుతుంది. చలి జాకెట్, బూట్లు 100. గదికీ తాళానికీ డిపాజిట్ అడిగితే 200. మొత్తం 778. రెండో నెల సగం దాకా డబ్బు ఆలస్యమైతే తిండికి ఇంకో 100. అందుకే 1,000 యూరోలు తెచ్చుకో. అంటే లక్ష రూపాయలు. నీకు ఖాతా త్వరగా తెరుచుకుని సమయానికి డబ్బు పడితే అందులో రెండు మూడు వందలు మిగులుతాయి. అవి పరీక్ష ఫీజుకి పెట్టు.

ఆ వెయ్యినీ ఎలా తేవాలి? 250, 300 నగదుగా, మిగతాది బ్యాంకు ముందే యూరోలు నింపి ఇచ్చే ఫారెక్స్ కార్డులో. మామూలు డెబిట్ కార్డు ఇక్కడ గీకితే బ్యాంకులు మారకం మీద 3.5 శాతం దాకా పైన వేసుకుంటాయి, దాని మీద జీఎస్టీ. ఏటీఎంలో చిన్న చిన్న మొత్తాలు తీయకు, ప్రతిసారీ రుసుము పడుతుంది. నాన్నగారు తర్వాత పంపాల్సి వచ్చినా ఇంత చిన్న మొత్తానికి టీసీఎస్, అంటే విదేశాలకి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, కోయరు. ఆ పన్ను ఏడాదికి 10 లక్షలు దాటినప్పుడే.

జాకెట్ ఇండియాలో కొనొద్దు. హైదరాబాద్‌లో నాలుగైదు వేలు పెట్టి కొన్నది ఇక్కడి నవంబర్ గాలికి ఆగదు. దాదాపు ప్రతి ఊళ్లో పాత బట్టలు చవకగా అమ్మే స్వచ్ఛంద దుకాణాలు ఉంటాయి. నా మొదటి జాకెట్ అక్కడ 18 యూరోలకు దొరికింది, నాలుగు చలికాలాలు వేసుకున్నాను. థర్మల్ ఇన్నర్లు, కాటన్ లోదుస్తులు, సాక్సులు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకో.

తిండి విషయంలో మన పిల్లలు పెట్టెలో సగం బరువు వృథా చేస్తారు. బియ్యం, కందిపప్పు మోసుకురావద్దు. టర్కీ వాళ్ల కొట్లలో బియ్యం, ఎర్ర మసూర్ పప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర, బెండకాయలు దొరుకుతాయి. ఆల్డీ, లిడిల్ అనే సూపర్‌మార్కెట్లలో గుడ్లు, పాలు, పెరుగు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు చవక. తెచ్చుకోవాల్సింది చింతపండు, కారం, పసుపు, ఇంగువ, కరివేపాకు పొడి, కందిపొడి, ఆవకాయ, చిన్న కుక్కర్. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం. నాటుకోడి పచ్చడి, రొయ్యల పచ్చడి పక్కపక్కనే పెట్టి, మాంసం తీసుకొచ్చిందని పెట్టె మొత్తం విప్పించుకున్న అమ్మాయి నాకు తెలుసు. నెయ్యి, పాలకోవా కూడా వద్దు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు. అమ్మ ఎంత ప్రేమగా కట్టినా కస్టమ్స్‌లో చెత్తబుట్టలో పడేస్తారు.

ఆదివారం కొట్లు మూసేస్తారు. శనివారం మర్చిపోతే ఆదివారం రైల్వే స్టేషన్ కొట్లో రెట్టింపు ధరకి కొనాలి. ప్లాస్టిక్ సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, ఖాళీ సీసాలు మెషీన్‌లో వేసి తిరిగి తీసుకో. కుళాయి నీళ్లు తాగొచ్చు, నీళ్లు కొనక్కర్లేదు. సేవలో ఉన్నవాళ్లకి ఒక గుర్తింపు కార్డు ఇస్తారు, దాంతో మ్యూజియం, ఈతకొలను, కొన్ని చోట్ల బస్సు రాయితీ. మొదటి రోజే అడిగి తీసుకో. డాయిచ్‌లాండ్‌టికెట్ ఖర్చు కొన్ని సంస్థలు పూర్తిగానో, కొంతో భరిస్తాయి. నడిచి పనికి వెళ్లే ఊరైతే ప్రతి నెలా ఆ టికెట్ అవసరం లేదు, సెమినార్ ప్రయాణం డబ్బు వాళ్లే ఇస్తారు. అది రద్దు చేస్తే నీ 96 ఒక్కసారి 159 అవుతుంది. కాకపోతే రద్దు చేయాలంటే నెల 10వ తేదీలోపు చెప్పాలి, లేకపోతే తర్వాతి నెల కూడా కోస్తారు.

డిసెంబర్ గురించి విడిగా రాసుకో. నాలుగింటికే చీకటి పడుతుంది. తోటి పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు. ఒంటరితనానికి చాలామంది ఆన్‌లైన్‌లో కొంటారు, లేదా ప్యారిస్, ప్రాగ్ అని టికెట్లు తీస్తారు. నీ వీసాతో పక్క దేశాలు తిరగొచ్చు, ఒక్కసారైనా తిరగాలి కూడా, నీకు ఏడాదికి కనీసం నాలుగు వారాల సెలవు వస్తుంది. దానికి 150 యూరోలు ముందే పక్కన పెట్టుకుని, అంతలోనే తిరుగు. నేను మొదటి క్రిస్మస్‌కి ఆశ్రమంలోనే డ్యూటీ వేసుకున్నాను. అమ్మమ్మలతో కేకు తిన్నాను. నా జర్మన్ నిజంగా కదిలింది ఆ వారంలోనే.

తిరుగు టికెట్ 50 వేల గురించి. మొదటి కొన్ని వారాలు ట్రయల్ కాలం, ఆ తర్వాత కూడా రెండు వైపుల వాళ్లూ నోటీసు ఇచ్చి ఆపేయొచ్చు. ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోవచ్చు. అప్పుడు టికెట్ కోసం ఎవరినీ బతిమాలే పరిస్థితి ఉండకూడదు. ఆ డబ్బు నీ దగ్గర ఉంచుకోకు. అమ్మ పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్. ఏడాది తర్వాత ఆస్‌బిల్డుంగ్‌లో చేరితే అది అలాగే అప్పులోకి కట్టెయ్యొచ్చు.

మరి ఆ 2 లక్షల 30 వేలు ఎక్కడి నుంచి? ఒకేసారి అవసరం లేదని ముందు నాన్నగారికి చెప్పు. ఇప్పుడు వీసా దాకా కావాల్సింది 20 వేలకు కాస్త అటూ ఇటూ. టికెట్, సామాన్లు వీసా వచ్చాక. లక్ష రూపాయల యూరోలు ప్రయాణానికి పది రోజుల ముందు. అందుకని ఇవాళే అప్పు తెచ్చి నాలుగు నెలల వడ్డీ ఊరికే కట్టడం అనవసరం. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీసుకోండి, ఏడాదికి 9, 10 శాతం దగ్గర ఇస్తారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 2 లక్షల 30 వేలకు రెండు రూపాయల వడ్డీ నెలకు 4,600 అయితే, బ్యాంకులో 10 శాతానికి 1,900 చిల్లర. అది 19 యూరోలు. నీ 96లో నుంచి అది పోయినా 77 మిగులుతుంది, భాషా క్లాసు ఆగదు. పెద్దమ్మ వాళ్లో, మామయ్య వాళ్లో వడ్డీ లేకుండా 50 వేలు సర్దగలిగితే మొహమాటపడకుండా అడగండి. పొలం కాగితం మాత్రం తాకట్టు పెట్టొద్దు, ఎంత తక్కువ వడ్డీకైనా సరే. ఏడాది చివరికి నువ్వు జాగ్రత్తగా ఉంటే అసలులో 50, 60 వేలు తగ్గించగలవు. మిగతాది ఆస్‌బిల్డుంగ్ మొదటి ఏడాదిలో తీరుతుంది. నాది అలాగే తీరింది.

నీ స్నేహితురాలు యూకే యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్, అంటే అక్కడ రెండేళ్లు ఉండి పనిచేసే వీసా, అంటోందని రాశావు. అది వేరే లెక్క. డిగ్రీ చేతికి రావాలి, లాటరీలో పేరు రావాలి, 2,530 పౌండ్లు 28 రోజులు ఖాతాలో నిలిపి చూపించాలి, వీసా ఫీజు కాక ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి రెండేళ్లకీ ముందే కట్టాలి. అక్కడ ఉద్యోగం నువ్వే వెతుక్కోవాలి. ఇప్పుడు నీ పరిస్థితికి అది సరిపోదు.

ఈ రాత్రే ఆశ్రమం వాళ్లకి ఒక మెయిల్ రాయి. ఆరు ప్రశ్నలు చాలు: గదికి డిపాజిట్ ఉందా, కరెంటు, హీటింగ్, ఇంటర్నెట్ ఖర్చు గదితో కలిసే ఉందా, సెలవు రోజుల్లో భోజనానికి డబ్బు ఇస్తారా, రైలు టికెట్‌కి సాయం ఉందా, మొదటి పాకెట్ మనీ ఏ తారీఖున పడుతుంది, ఖాతా తెరవడం ఆలస్యమైతే నగదుగా అడ్వాన్స్ ఇస్తారా. ఈ చివరి ప్రశ్న నేను ఆ రోజు అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేవాళ్లమని తర్వాత అన్నారు. నీ ఏ2 జర్మన్‌లోనే రాయి, తప్పులున్నా పర్వాలేదు, వాళ్లకి నచ్చుతుంది. జవాబు వచ్చాక ఇక్కడే పెట్టు, డిపాజిట్, భోజనం అంకెలు మార్చి నీ లెక్క మళ్లీ వేసి ఇస్తాను.